గట్టిపడకముందే తీసిన అచ్చు

ముక్కుతో ఊపిరి తీసుకోమంది పళ్ళ డాక్టరు మంజు, అన్న కూతురు. నోటితో కాదు చిన్నాయనా, ముక్కుతో, అని మళ్ళీ చెప్పింది, ఏదో ఇన్నేళ్ళూ అతను చెవులతో తీసుకుంటున్నట్టు. దండపాణి ముక్కుతోనే తీశాడు. ఇంకెక్కడ దారుంది గనుక? నోటి నిండా చల్లగా, ముద్దగా, పిప్పరమెంటు వాసనతో ఏదో వచ్చి కూర్చుంది. లాడం ఆకారంలో ఉన్న ఇనుప పళ్ళెంలో పెట్టి లోపలికి తోసిన ఆ గులాబీరంగు ముద్ద పైవరుస పళ్ళన్నిటినీ మింగి, అంగిలికి అతుక్కుని, కొండనాలుక దాకా పాకి, అక్కడ గడప దగ్గర పిలవని చుట్టంలా నిలబడింది. రమ్మనడానికీ లేదు, పొమ్మనడానికీ లేదు. మంజు వేళ్ళు రెండు కింద నుంచి దాన్ని అదిమి పట్టుకున్నాయి. "కదలాకు చిన్నాయనా. ఇది సెట్టయ్యేదాకా కదిలినావంటే అచ్చు చెడిపోతాది, మళ్ళా మొదుటి నించి తీయాల." కదలకుండా పడి ఉండటం నాకు నేర్పాలా బిడ్డా, అనుకున్నాడు దండపాణి. నోరు మూసుకుని కదలకుండా ఉన్నందుకే కదా నా బావి చేను మీ నాయన చేతికి పోయింది. అనుకున్నాడు గానీ అనలేదు, అనడానికి నోరెక్కడిది, సముద్రపు నాచు పెట్టేసింది కదా తాళం.

సముద్రపు నాచేనట అది. కలపకముందు పిండి డబ్బా మూత తీసి చూపించింది పిల్ల. నాచును ఎండబెట్టి, సారం తీసి, పొడి చేస్తే ఇది వస్తుందట. నీళ్ళు పోసి రబ్బరు గిన్నెలో తిప్పితే ముందు జావ, తర్వాత ముద్ద, ఆ తర్వాత రబ్బరు. ఒకసారి రబ్బరయ్యాక వెనక్కి రాదు, ఎన్ని నీళ్ళు పోసినా ఇంక జావ కాదు. ఎండాకాలం కాబట్టి ఫ్రిజ్జులో పెట్టిన నీళ్ళు పోస్తాదట, వేడినీళ్ళయితే నోట్లోకి వచ్చేలోపే గిన్నెలోనే గడ్డకట్టేస్తుందట. మన ఇంట్లో తగాదాలు కూడా అంతే బిడ్డా, ఎవరి నెత్తిన చల్లనీళ్ళు పోయాలో మీ జేజికి తెలిసి ఉండేది, ఆమె పోయాక అందరూ గిన్నెలోనే గడ్డకట్టేశారు. ఆరో తరగతితో బడి మానేసినవాడికి ఇవన్నీ ఎందుకమ్మా అంటే, నీ నోట్లో పెట్టేది నీకు తెలియొద్దా అంది. ఆ ఒక్క మాటకే అతను ఈ కుర్చీ ఎక్కాడు. అతని నోట్లో పెట్టేదేమిటో అతనికి చెప్పి పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు.

పోయిన పన్ను చోట కొత్తది ఏ సరుకుతో కట్టాలో కూడా అడిగింది. చిన్న చిన్న ముక్కలు అరచేతిలో పోసింది, బొమ్మలకు పెట్టే పళ్ళలాగా. పింగాణీ చూడటానికి అచ్చం పన్నే, నిగనిగలాడుతుంది, కానీ పెళుసు, దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. ప్లాస్టిక్ పన్ను తేలిక, పూటపూటకీ తీసి పెట్టుకోవాలి, తీసినప్పుడు నీళ్ళలో వేయకుండా బయట వదిలేస్తే వంకరపోతుంది. పెళ్ళికొకటి చావుకొకటి మాట తగిలించుకునే చుట్టాలు గుర్తొచ్చారు. ఇంకొకటి జిర్కోనియా. దాన్ని చేత్తో తడిమి దండపాణి చాలాసేపు వదల్లేదు. "ఇది యాడికీ పోదు చిన్నాయనా, రాయి మాదిరి. నున్నంగా సాన పట్టాల అంతే. గరుకుగా వదిలేస్తే ఎదురుంగా ఉండే పన్నును అరగదీసేస్తాది. దానికేమీ కాదు, అరిగేది ఎదుటిది." నవ్వొచ్చింది అతనికి. ఇంద్రసేన అన్నను, ఈ పిల్ల నాయనను, ఎవరో పన్నుగా పోతపోసి ఇచ్చినట్టుంది. కాలేజీ చదివి, ఆఫీసులో కూర్చుని, తిరువళ్ళూరులో మేడ కట్టి, అతను ఎక్కడా ఒక్క పెచ్చు లేవలేదు. అరిగిందంతా ఎదురుగా ఉన్నదే. మరి బంగారం ఎట్లుంటాది అని అడిగితే, బంగారం మంచిది చిన్నాయనా, మెత్తన, ఎదుటి పన్నుతోపాటు తానూ అరుగుతాది అంది. అరిగి అరిగి సన్నబడిన అమ్మ ముక్కుపుడక గుర్తొచ్చి దండపాణి కిటికీ వైపు చూశాడు. ఇనుములా తెల్లగా మెరిసే లోహం కూడా ఒకటుందట, దాన్ని లోపలి దవడ పళ్ళకే పెడతారట. చివరికి మంజు పళ్ళరంగుల పట్టీ ఒకటి తీసి అతని పెదవి పక్కన పెట్టి, పసుపు కొంచెం కలిసిన తెలుపు ఒకటి ఎంచి, "ఈ రంగైతే ఎవురూ కనుక్కోలేరు, యా పన్ను పోయిందో నువ్వే మర్చిపోతావు" అంది సంబరంగా. మర్చిపోవడానికా వచ్చింది? తర్వాత చెప్తాలేమ్మా అన్నాడు. పాపం, దానికి ఏం తెలుసు, అన్నీ తెలుసేమో కూడా.

ఎందుకంటే ఆ పన్ను పోయింది దాని కోసమే. ఆ ఏడు మంజుకు విషజ్వరం. స్కూలు పిల్ల, మంచానికి అతుక్కుపోయింది, కళ్ళు తెరవడం లేదు. డాక్టర్లు చూద్దాం అంటున్నారు, డాక్టర్లు చూద్దాం అన్నారంటే ఇక దేవుడు చూడాలి. పొలానికి పోతూ దాన్ని భుజం మీద ఎక్కించుకుని పోయేవాడు తను, చెరుకుగడ పంటితో చీల్చి ముక్కలు నమిలి మెత్తబడ్డాక దాని నోట్లో పెట్టేవాడు. పళ్ళిపట్టు చుట్టుపక్కల దండపాణి కోరపన్నుకు పేరుండేది, ఎంత ముదురు గడైనా ఒక్క చీల్పు. ఆ రోజు తిరుత్తణి కొండ వైపు తిరిగి మొక్కుకున్నాడు: స్వామీ, ఈ పిల్ల లేచి కూర్చుంటే ఆడికృత్తిక పండగకు నోటికి తాళం వేసుకుని కావడి మోస్తాను. నోటితాళమంటే మామూలు మొక్కు కాదు. ఒక చెంపలో గుచ్చి ఇంకో చెంపలో తీసే శూలం, పళ్ళ మధ్య గుర్రానికి కళ్ళెంలాగా అడ్డంగా ఉంటుంది. అది పెట్టింది మొదలు పైన సన్నిధిలో తీసేదాకా మాట రాకూడదు, సైగ రాకూడదు. మాట వస్తే మొక్కు తిరగబడుతుంది. ఎవరి కోసం మొక్కుకున్నామో వాళ్ళకే తగులుతుంది. పిల్ల లేచి కూర్చుంది. ఇతను శూలం గుచ్చుకున్నాడు.

ఊపిరి, ముక్కుతో. ముద్ద కొంచెం బిగుస్తోంది, అంగిలి మీద పట్టు తెలుస్తోంది. పక్కగదిలో ఎవరో పసిబిడ్డ కీచుమని ఏడ్చాడు. మంజు, "రాజామణీ, ఇదె పుడిచ్చుక్కో" అని సహాయంగా ఉండే అమ్మాయి వేళ్ళను పళ్ళెం కింద పెట్టి, "రెండు నిమిషాల్లో వస్తా చిన్నాయనా" అని పోయింది. రాజామణి వేళ్ళు మంజు వేళ్ళకంటే గట్టివి. ఆమెకు తెలుగు రాదు. "అసైయాదీంగ అయ్యా," అంది, కదలొద్దని. సరేలే తల్లీ, ఈ మాట ఎన్ని భాషల్లో విన్నా నాకు అర్థమవుతుంది.

చదువు నీకు, బావి వీడికి. నాయన చేసిన పంపకం అదొక్కటే, ఇంకేదీ ఆయన పంచలేదు. ఇంద్రసేనను కాలేజీకి పంపిన ఏడాదే దండపాణిని బడి మాన్పించి గడ్డపార చేతికిచ్చాడు. తండ్రీ కొడుకూ ఆ బావి తవ్వారు. పైన ఎర్రమన్ను, ఆ కింద గులకరాయి, ఆ కింద నల్లరాయి. రాయి దగ్గర నాయన తూటాలు పెట్టిస్తే, పేలిన ముక్కలు తట్టలకెత్తి పైకి లాగింది ఇతను. నీళ్ళు పడిన రోజు నాయన దోసిట్లో పట్టి ముందు ఇతని నోట్లో పోశాడు. ఆ నీళ్ళకు రాతి రుచి. ఇప్పటికీ రాయి నాకితే ఆ రోజు వస్తుంది. ఒరే, మీ అన్నకు చదువిచ్చినా, అది యాడికి పోయినా వాడితోనే ఉంటాది. నీకు బాయిచ్చినా, అది యాడికీ పోదు. అదీ ఆయన మాట. ఎక్కడికీ పోని బావి ఎట్లా పోయిందయ్యా అంటే, కొండ మెట్ల మీద, అందరూ చూస్తుండగా, నిలువునా.

కొండ సగం ఎక్కాక చుట్టాలంతా నీడన ఆగారు. భుజం మీద కావడి, నెమలి ఈకలు, పాలకుండలు, చెంపల్లో శూలం, కాళ్ళ కింద కాగిన రాయి. డప్పు కొడుతూనే ఉన్నారు. అప్పటికి నాయన పోయి ఏడాది కూడా కాలేదు, భాగాల మాట తేలలేదు. చెమట తుడుచుకుంటూ సుందరరాజులు మామ అడిగాడు, బాయి చేను ఎవురి కిందికి రాసుకుంటారప్పా అని. ఇంద్రసేన ఏమాత్రం తడబడలేదు. "తమ్ముడు నాకే వదిలేసినాడు మామా. నా బిడ్డ కోసం శూలమే గుచ్చుకున్నోడు, చేను వదలడా? కావాలంటే అడుగు, ఈడనే ఉండాడు." మామ అడిగాడు: "ఏంరా దండపాణీ, సమ్మతమేనా?" నోట్లో ఇనుము. డప్పు దరువు మారింది. కావడి మోసేవాడికి తల తనది కాదు, కావడిది. అది ఊగితే ఇదీ ఊగుతుంది. ఊగింది. నెమలి ఈకలు కూడా ఊగాయి, అవి కూడా ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారమన్నారు, తలూపితే ఇంక పూర్తంగీకారమే, అన్నాడు మామ, సామెతలంటే ఆయనకు వడపప్పు కన్నా ఇష్టం. మాట రావడానికి గొంతు దాకా వచ్చింది. లేదు, అని. వస్తే మొక్కు తిరగబడుతుంది, కింది మెట్టు మీద తల్లి చెయ్యి పట్టుకుని మంజు నిలబడి ఉంది, బక్కచిక్కి, నెత్తిన కొత్తగా మొలిచిన జుట్టుతో. ఆ మాటను దండపాణి కొరికాడు. మాటకు అడ్డంగా శూలం ఉంది. ఇనుమును కొరికితే ఇనుముకేమవుతుంది? కోరపన్ను నిలువునా చీలి, ఉప్పగా నెత్తురొచ్చింది. దాన్నీ మింగి పైకెక్కాడు.

శూలం తీశాక నోరు తెరిచి చెప్పాడు, నేను ఒప్పుకోలేదని. ఎవరు వింటారు? తిరుత్తణి కొండ మెట్ల మీద, స్వామి ఎదుట, కావడి భుజాన ఉండగా ఇచ్చిన మాట కాదనేవాడు ఈ కులంలో ఇంతవరకూ పుట్టలేదన్నారు. కాదంటే దేవుడి మీద అబద్ధమన్నారు. మెట్టు దిగినాక బుద్ధి మారిందంట, అని ఆడవాళ్ళు కూడా అనుకున్నారు. అన్న అప్పటినుంచీ చేను కౌలుకిచ్చుకున్నాడు. చీలిన పన్ను కుదుళ్ళతో సహా ఊడిపోయింది. అక్కడ సందు మిగిలింది. పన్ను కట్టించుకోరాదా అన్న ప్రతివాడికీ నోరు తెరిచి ఆ సందే చూపించాడు. బుసకొట్టే పాముకు పుట్ట ఉన్నట్టు తనకు ఆ సందు ఉంది. ఇప్పుడు ఆ చేను ప్లాట్లు వేస్తారట. దేవేంద్రన్ అనే ఒకాయన కొంటాడట, బావి పూడ్చి పార్కు పెడతాడట. పత్రంలో ఇప్పటికీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి, సంతకాల సంగతి తర్వాత, ముందు తమ్ముడి నోటి మాట వినందే యంత్రం దించనన్నాడట. అన్న మనుషుల చేత ఎన్నిసార్లు కబురు పెట్టినా దండపాణి బదులు చెప్పలేదు. ఈ మౌనాన్ని మాత్రం అర్ధాంగీకారం అనడానికి వాళ్ళకు ధైర్యం చాల్లేదు. ఇంతలో మంజు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని, నా కోసం పోయిన పన్ను నన్నే కట్టనీ చిన్నాయనా అంటే...

తలుపు తెరుచుకుంది. అత్తరు వాసన ముందు, చెప్పుల చప్పుడు తర్వాత.

"మంజు ఎంగమ్మా?"

"పక్కత్తు రూమ్‌ల ఇరుక్కాంగ సార్," అంది రాజామణి, పక్కగదిలో ఉందని.

"ఓహో, ఎవురిది? మా దండపాణినా! రారా అంటే రానోడు, ఈడ నోరు తెరుచుకోని పండుకోనుండాడే!" ఇంద్రసేన మొహం పైన వెలిగే దీపానికి అడ్డంగా వచ్చింది, గ్రహణంలా. చేతిలో ఫోను. అందులో తెల్లచొక్కా వేసుకుని కారులో కూర్చున్న మనిషి. "దేవేంద్రన్, లైన్లోనే ఉండు. మా తమ్ముడు ఈడే ఉండాడు. ఆయన్ని కంటితో చూడాల, చెవుతో వినాల అంటా ఉంటివే, చూసుకో."

ఫోను దండపాణి మొహం మీదికి తిరిగింది. మూలన చిన్న చతురస్రంలో తన బొమ్మే తనకు కనిపించింది. పెదవుల మధ్య ఇనుప పిడి, గడ్డం మీదికి కారిన గులాబీ చొంగ.

"వణక్కం అన్నా," అన్నాడు ఫోన్లో మనిషి, మర్యాదగానే. "బాయి పూడ్చేదానికి మీకేమీ అభ్యంతరం లేదు గదా?"

"యాడ మాట్లాడతాడప్పా, నోట్లో మందుండాది. తలకాయ ఊపుతాడు చూడు. ఏంరా, సరే గదా?"

కొండనాలుక దగ్గర ఇంతసేపూ ఓపిగ్గా నిలబడిన చుట్టం అప్పుడే లోపలికి అడుగేసింది. కడుపులోంచి డోకు. తల ముందుకొకసారి విసురుగా వచ్చింది, మళ్ళీ ఒకసారి.

"చూస్తివా! ఊపినాడు! రెండుతూర్లు ఊపినాడు!"

అదే మెట్టు. అదే నీడ. డప్పు లేదు, ఏసీ మోత ఉంది. నెమలి ఈకలు లేవు, సీలింగు మీద పళ్ళు నవ్వుతున్న బొమ్మ ఉంది. ఇంకెన్నిసార్లురా నా తలకాయ నాది కాకుండా పోయేది. అక్కడంటే కొండమీద స్వామి ఉన్నాడు, కింది మెట్టు మీద పిల్ల ఉంది, నోరు తెరిస్తే దానికి తగులుతుందని ఇనుమును కొరికాను. ఇక్కడ ఎవరికి మొక్కుకున్నాను? ఈ నాచుకా? పిప్పరమెంటు వాసనకు కట్టుబడి రెండోసారి నాయన తవ్విన బావి పూడ్పించుకుంటానా? పిల్ల జ్వరం ఎప్పుడో తగ్గిందిరా ఇంద్రసేనా, అది పెరిగి పళ్ళ డాక్టరు కూడా అయింది, నా మొక్కు తీరిపోయింది! దండపాణి చెయ్యి లేచి రాజామణి మణికట్టు పట్టుకుంది. రెండో చెయ్యి పిడి పట్టుకుంది.

"అయ్యా! అయ్యా! ఇన్నుం ఆగలయ్యా!"

ఇంకా కాలేదని ఆమె అరుస్తూనే ఉంది. అతను లాగాడు. సగం రబ్బరు, సగం జావగా ఉన్నది పళ్ళను పట్టుకుని వదలనంది, తీగలు సాగింది, అంగిలి ఒలిచినట్టయింది, చివరికి చప్పుడుతో ఊడి వచ్చింది. గులాబీ తుంపర్లు అన్న తెల్లచొక్కా మీద పడ్డాయి. నోరు ఖాళీ అయింది. ఎన్నేళ్ళకు.

"ఒప్పుకోలా," అన్నాడు. సందులోంచి గాలి, నోట్లోంచి ముద్దలు. "ఓ దేవేంద్రన్, చెవుతో వినాల అంటివంటనే, విను. ఒప్పుకోలా. ఆ పొద్దు కొండ మెట్ల మీదా ఒప్పుకోలా, ఈ పొద్దు ఈడా ఒప్పుకోలా. ఆడ కావడి ఊగింది, ఈడ డోకొచ్చింది. ఊగింది తలకాయే, నేను కాదు. ఆ బాయిలో ఒక తట్ట మన్ను పొయ్యాలంటే ముందు నేను దిగి అడుగున నిలబడతా, నా నెత్తిన పొయ్యి."

"ఇంద్రసేన సార్, ఇది ఇట్లుందని మీరు చెప్పలేదే," అన్నాడు ఫోన్లో మనిషి, ఫోను చీకటయింది.

"ఏందిరా ఇది, బిడ్డ ఆస్పత్రిలో వీధి రౌడీ మాదిరి..." ఇంద్రసేన చొక్కా దులుపుకుంటున్నాడు, దులిపేకొద్దీ పూసుకుంటోంది. "స్వామి ముందర, మెట్ల మీద ఇచ్చిన మాట..."

"మెట్ల మీద చెప్పింది నువ్వు. నేను మోసినా."

పక్కగది తలుపులో మంజు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. తండ్రి చేతిలో ఫోను చూసింది, చొక్కా చూసింది, నేల మీద తీగలు సాగిన ముద్ద చూసింది. "నువ్వొస్తావని నాకు తెలీదు నాయనా," అంది, అన్నది తండ్రితో, చూసింది చిన్నాయన వైపు. తర్వాత గ్లవ్స్ తీసి చెత్తబుట్టలో వేసి కొత్తవి తొడుక్కుంది. "బయిట కూర్చో నాయనా. లోపల పేషెంటుండాడు."

ఇంద్రసేన బయటికి పోయాడు. పోలేక పోలేక పోయాడు. కూతురు పొమ్మన్న మనిషికి చెప్పుల చప్పుడు కూడా తక్కువగా ఉంటుందని దండపాణి అప్పుడే తెలుసుకున్నాడు.

"మళ్ళా తీయాల చిన్నాయనా."

"తియ్యమ్మా. చెప్పాల్సింది చెప్పేసినా. ఇంక నువ్వు ఎంతసేపు మూసుకోమంటే అంతసేపు మూసుకోనుంటా."

మళ్ళీ చల్లనీళ్ళు, మళ్ళీ పిండి, రబ్బరు గిన్నెలో చప్పట్ల లాంటి చప్పుడు. ఈసారి ముద్ద అంగిలికి అతుక్కుంటే అతనికి డోకు రాలేదు. కళ్ళు మూసుకున్నాడు, రాతిరుచి కోసం వెతికాడు, పిప్పరమెంటే తగిలింది, పోనీలే అనుకున్నాడు. ఇదీ మౌనమే. కానీ మాట అయిపోయాక వచ్చే మౌనానికీ, మాట ముందు అడ్డం పెట్టిన మౌనానికీ, బావికీ గుంతకూ ఉన్నంత తేడా ఉంది. గట్టిపడ్డాక మంజు ఒక్క ఊపున తీసింది. మెల్లగా తీస్తే చినిగిపోతుందట, తీయాలంటే ఒక్క గుంజే. చూపించింది. పళ్ళన్నీ పల్లాలుగా, శుభ్రంగా పడ్డాయి. సందు ఉన్న చోట మాత్రం గోడలా లేచి ఉంది.

"వెంటనే రాయిపిండి పొయ్యాల. బయిట పెడితే ఇది ఎండి కుంచించుకుపోతాది," అంటూ, ఆరితే రాయిలా గట్టిపడే పసుపురంగు పిండి కలుపుతోంది.

"మొదుటిది యాడ?"

"అదా? అది పనికి రాదు చిన్నాయనా. పళ్ళన్నీ ఈడ్చుకోనిపోయినాయి, నోరు వంకరపోయింది."

"దాంట్లో గూడా పొయ్యి."

మంజు అతని వైపు చూసింది. మొదటి పళ్ళెంలో మిగిలిన ముద్దను ఏరి తెచ్చి, రాయిపిండి రెండు అచ్చుల్లోనూ పోసింది, గాలిబుడగలు పోయేలా బల్లకు తట్టి తట్టి. ఆరేదాకా దండపాణి కుర్చీలోనే కూర్చున్నాడు. రాజామణి భయపడుతూనే టీ తెచ్చి ఇచ్చింది, ఆ మణికట్టు మీద ఇతని వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి. "మన్నిచ్చుక్కో తల్లీ," అన్నాడు. ఆమె తల ఊపింది, నిజంగా ఊపింది.

"రంగు చెప్పలేదు చిన్నాయనా. ఆ పసుపు తెలుపేనా?"

"ఎవురూ కనుక్కోలేని రంగు నాకెందుకమ్మా? లోహంది పెట్టు. తెల్లంగా మెరిసే ఇనుము మాదిరిది ఉండాదన్నావే, అది. ఇనుమును కొరికి పోయిన పన్ను, ఇనుమే రానీ. ఏందిరా అది అని అడిగినోడికంతా చెప్తా."

"ముందర పన్ను లోహంది ఎవురూ పెట్టుకోరు చిన్నాయనా!" అంది, అని నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "సరే. సాన మాత్రం నేనే పడతా. ఎదుటి పన్ను అరగకూడదు."

మొదటి అచ్చులోంచి రాయిపళ్ళను ఊడదీసి, "పట్టుకో, ఇంకా వేడుండాది, గట్టిపడేటప్పుడు రాయికి వేడి పుడతాది" అని అరచేతిలో పెట్టింది. పళ్ళన్నీ ఒకపక్కకు వాలి, అంగిలి చీరి, సందు పెద్ద వాకిలిలా తెరుచుకుని ఉంది. మాట మధ్యలో పట్టుబడ్డ నోరు. కాగిన కొండమెట్టు అంత వేడిగా ఉంది.

బయట బెంచీ మీద ఇంద్రసేన ఫోను చెవికి పెట్టుకుని కూర్చున్నాడు, అవతల ఎవరూ ఎత్తుతున్నట్టు లేదు. దండపాణి అతని ముందు నిలబడి రాయిపళ్ళున్న చెయ్యి చాపాడు. ఏదిచ్చినా తీసుకునే అలవాటున్నది కాబట్టి అన్న చెయ్యి తెరుచుకుంది.

"ఏందిరా ఇది?"

"నా నోరన్నా. మాట్లాడేటప్పుడు ఇట్లుంటాది. నువ్వెప్పుడూ చూడ్లేదు గదా, అందుకని పోయించినా. ఇంక ఎవురికన్నా నా సమ్మతం చూపించాల్నంటే దీన్ని చూపించు."

మెట్లు దిగుతూ దండపాణి ఒకసారి వెనక్కి చూశాడు. కాలుతోందేమో, అన్న దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటున్నాడు. కింద మాత్రం పెట్టలేకపోతున్నాడు.